పొట్లం మారిస్తే బూజు ఆగుతుందా?

ఇంటి దగ్గరే తోలు బ్యాగులు, పర్సులు, బెల్టులు కుట్టి అమ్ముతున్న ఒక పాఠకురాలు రాసిన పొడవైన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. కుట్టుపని ఆమెది. ప్యాకింగ్, పార్సిళ్లు, లెక్కలు తమ్ముడివి. చెట్ల బెరడుతో పదును చేసిన తోలే కొంటారు. కుట్టడం అయ్యాక నూనె, తేనెమైనం కలిపిన పాలిష్ పట్టిస్తారు. 'రసాయనాలు లేని తోలు వస్తువులు' అని లేబుల్ వేసుకున్నారు. ఆ మాటకు కట్టుబడి, పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాల బదులు చిన్న గుడ్డ సంచుల్లో బియ్యం, ఉప్పు కలిపి పెడుతున్నారు. ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ రాలేదట. వానలు మొదలయ్యాక ఫిర్యాదులు వరస కట్టాయి. తల్లికి కానుకగా బ్యాగు కొన్న ఒకావిడ పెట్టె తెరవగానే ముక్కిపోయిన వాసన, హ్యాండిల్ కింద తెల్లటి నూగు. ఫోటో తీసి పంపి, 'ఇదేనా మీ సహజం?' అని అడిగిందట.

తమ్ముడు బూజు రాకుండా చేసే బిళ్లలు తెచ్చాడు. వాటి మీద అందులో ఏముందో రాసి లేదు. 'ఇవి వేసి పంపుదాం, లేదంటే ఈ పని మానేద్దాం' అంటాడు. ఆమె ససేమిరా అంటోంది. ఇద్దరి మధ్యా మాటలు సరిగ్గా లేవు. ఇంకోవైపు, అమ్మాల్సిన స్టాక్‌లోనూ కొన్ని బ్యాగుల మీద తెల్ల మచ్చలు కనిపిస్తున్నాయి. 'తుడిచి పంపేస్తే ఎవరికి తెలుస్తుంది?' అన్నది తమ్ముడి మాట. 'ఏ సహజ పదార్థం వేస్తే బూజు ఆగుతుంది? ఉన్న స్టాక్‌ను ఏం చేయాలి? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు' అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సహజమా, రసాయనమా అన్నదాని మీదే అక్కాతమ్ముళ్లు ఇద్దరూ పట్టుబట్టారు. మీరు బియ్యం పొట్లాన్ని నమ్మారు, ఆయన బిళ్లను నమ్ముతున్నారు. అంటే బూజును ఆపే పని పెట్టెలో వేసే వస్తువుదే అని ఇద్దరూ అనుకుంటున్నారు. ఆ పనిలో ఎక్కువ భాగం పెట్టె మూయక ముందే జరిగిపోవాలి. మీ ఉత్తరంలో మధ్యలో ఒక వాక్యం ఉంది: 'పాలిష్ పట్టించిన రోజు సాయంత్రమే తమ్ముడు ప్లాస్టిక్ కవర్లో పెట్టి టేపు వేసేస్తాడు.' అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. మీ బ్యాగు పట్టే పెట్టె 18 లీటర్లది అనుకోండి. గాలి 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమతో ఉన్నా, ఆ పెట్టెలోని గాలిలో ఉండే నీరు అర గ్రాము కూడా ఉండదు. ఇప్పుడు బ్యాగును చూడండి. 800 గ్రాముల బ్యాగులో 18 శాతం తేమ ఉందంటే, ఆ తోలులో దాగిన నీరు 144 గ్రాములు. చేత్తో పట్టుకుంటే తడి తెలియదు. దాన్ని 14 శాతానికి దించాలంటే సుమారు 37 గ్రాముల నీరు బయటికి పోవాలి. తేమను పీల్చడానికి పొట్లాల్లో వాడే బంకమట్టి ఒకటుంది, దాని సంగతి కింద చెబుతాను. అది ఆ పని చేయాలంటే దాదాపు 200 గ్రాముల మట్టి కావాలి. మీరు పెడుతున్నది చిటికెడు బియ్యం సంచి. దాని స్థానంలో ఎంత గొప్ప పదార్థం చిటికెడు పెట్టినా ఫలితం అంతే. పొట్లం చేయగలిగింది ఎండిన వస్తువును ఎండుగా ఉంచడమే. తడి వస్తువును ఆరబెట్టే శక్తి దానికి లేదు.

బూజు సంగతి కూడా ఒక్క మాట. దాని విత్తనాల్లాంటి కణాలు గాలిలో అంతటా ఉంటాయి, మీ బల్ల మీదా ఉంటాయి. వాటిని లేకుండా చేయడం ఎవరి వల్లా కాదు. అవి మొలవాలంటే తిండి కావాలి, తేమ కావాలి. తిండికి కొదవ లేదు: తోలు మాంసకృత్తి, పైన మీరు పట్టించిన నూనె, అతుకుల్లో వాడిన జిగురు, పొట్లంలోని బియ్యప్పిండి దుమ్ము. బెరడుతో పదును చేసిన తోలు క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో పదును చేసినది) కంటే త్వరగా బూజు పడుతుంది కూడా. కాబట్టి మీ చేతిలో మిగిలింది తేమ ఒక్కటే. వస్తువు చుట్టూ ఉన్న గాలిలో తేమ 60 శాతం లోపు ఉంటే బూజు దాదాపుగా లేవదు. 65-70 దాటి వారాల తరబడి ఉంటే మొదలవుతుంది. 80 దాటితే కొద్ది రోజులు చాలు.

ప్లాస్టిక్ కవరు ఇందులో చేసే హాని ఇంకోటి. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీలకు చల్లబడితే చాలు, అందులోని నీరు బొట్లుగా మారిపోతుంది. పార్సిల్ పగలు వ్యానులో వేడెక్కి, రాత్రి గోదాములో చల్లబడుతుంది. కవరు లోపలి గోడ మీద పట్టిన ఆ చెమ్మ హ్యాండిల్ కిందికీ, అడుక్కీ చేరుతుంది. ఆవిడ ఫోటోలో నూగు సరిగ్గా హ్యాండిల్ కింద ఉందని రాశారుగా. ఎండాకాలంలో ఇబ్బంది రాకపోవడం బియ్యం గొప్పతనం కాదు, పొడి వాతావరణం వల్లే తోలు ఆరిపోయి ఉంటుంది.

ఇక మీరు అడిగిన ముఖ్యమైన ప్రశ్న, ఏ సహజ పదార్థం వాడాలి అన్నది. బియ్యం వద్దు. నిల్వ ఉన్న బియ్యంలో మామూలుగానే 12 నుంచి 14 శాతం నీరు ఉంటుంది, అది చుట్టూ ఉన్న గాలితో ముందే రాజీపడిపోయి ఉంటుంది. వేయించి పెడితే కొంత పీలుస్తుంది గానీ ఆ పిండి బూజుకూ పురుగుకూ తిండే. ఉప్పు ఇంకా ఇబ్బంది. గాలిలో తేమ 75 శాతం దాటేదాకా ఉప్పు నీటిని పట్టదు, అంటే బూజుకు అనుకూలమైన తేమ వచ్చేసిన తర్వాత గానీ అది మేలుకోదు. మేలుకున్నాక ఉప్పునీరుగా కారుతుంది. ఆ నీరు తోలు మీద తెల్లటి చారలు వేస్తుంది, ఇత్తడి బకిల్స్‌ను పచ్చగా చేస్తుంది, ఇనుప రివెట్లను తుప్పు పట్టిస్తుంది. వంటసోడా వాసనకు పనికొస్తుంది, తేమ లాగడంలో చెప్పుకోదగ్గది కాదు. బొగ్గు కూడా వాసనను బాగా పడుతుంది, తేమ ఎక్కువ ఉన్నచోట కొంత నీటినీ పట్టుకుంటుంది. కానీ సంచి నేత కాస్త వదులుగా ఉన్నా నల్ల పొడి లేత రంగు తోలు మీదికి దిగుతుంది, పోదు. కాల్చిన సున్నం నీటిని గట్టిగా లాగుతుంది కాబట్టి కొందరు సలహా ఇస్తారు. దాని జోలికి మాత్రం వెళ్లకండి. తడి తగిలితే వేడెక్కుతుంది, తోలును తినేస్తుంది, పెట్టె తెరిచిన పిల్లల కళ్లలో పడితే ప్రమాదం. కాల్షియం క్లోరైడ్ కూడా నీరు పట్టి ద్రవంగా మారిపోయే రకమే. సంచి కారిందంటే బ్యాగు పోయినట్టే.

మీ అవసరానికి సరిపోయేది బెంటొనైట్ బంకమట్టి. భూమిలోంచి తవ్వి తీసి, శుభ్రం చేసి, వేడితో ఎండబెట్టిన మట్టి. నీరు పట్టినా కారదు. ప్యాకింగ్ రంగంలో తేమ పొట్లాలను 'యూనిట్' లెక్కన అమ్ముతారు. జర్మన్ ప్రమాణం డీఐఎన్ 55473 ప్రకారం 23 డిగ్రీల వేడి, 40 శాతం తేమ దగ్గర కనీసం 6 గ్రాముల నీటి ఆవిరిని పట్టేది ఒక యూనిట్. మట్టిలో అది సుమారు 30-35 గ్రాములు. సాధారణ గదివేడిలో ఈ మట్టి బాగా పనిచేస్తుంది. 50 డిగ్రీలు దాటిన వేడిలో పట్టిన నీటిని తిరిగి వదలడం మొదలుపెడుతుంది, కాబట్టి ఎండలో నిలబడే బండిలో దాని మీద పూర్తి భరోసా పెట్టుకోలేం.

సిలికా జెల్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. అది ఇసుకలో ఉండే పదార్థంతోనే తయారవుతుంది, విషం కాదు, తేమ ఎక్కువ ఉన్నచోట మట్టికంటే ఎక్కువ నీటిని పట్టగలదు. ఫ్యాక్టరీలో తయారైనది కాబట్టి మీ లేబుల్‌కు అది పొసగదని మీరు అనుకుంటే అది మీ నిర్ణయం. వాడితే మాత్రం నీలం రంగు గింజలున్నవి వద్దు, ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, అది ఆరోగ్యానికి హానికరం.

మట్టి పొట్లాన్ని మీరే తయారుచేసుకోవాలనుకుంటే ఒకటి రెండు జాగ్రత్తలు. మొహానికి పూసుకునే మెత్తటి పొడి తీసుకోకండి, గింజల రూపంలో ఉన్నది కావాలి. పళ్లెంలో పలచగా పరిచి ఓవెన్‌లో 110-120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచండి. ఎప్పటిదాకా అంటే, తూకం చూసుకుంటూ ఉండండి. గంట గంటకూ తూచినప్పుడు బరువు ఇక తగ్గడం మానేస్తే ఎండినట్టు. సంచిలో పోశాక వేడిచేయకండి, ముందే వేడిచేసి, చల్లారుతుండగానే బిగుతు మూతున్న సీసాలోకి ఎత్తండి. దుమ్ము రాలకుండా దగ్గర నేత గుడ్డ రెండు పొరలు వేయండి. పొట్లం కుట్టి బల్ల మీద బుట్టలో పడేసి, రేపు వాడదాం అనుకున్నారో, తెల్లారేసరికి అది గదిలోని తేమను తాగి కడుపు నింపుకుంటుంది. పెట్టెలోకి వెళ్లేటప్పటికి అది ఉత్త మట్టి. మీ తమ్ముడి ప్యాకింగ్ బల్ల దగ్గర చాలా పొట్లాలు ఇలాగే చచ్చిపోతూ ఉంటాయి, ముందు ఆ బుట్టను తీసేయమనండి.

ఎంత వేయాలి? బాగా ఆరిన బ్యాగును, మంచి పాలిథీన్ కవర్లో గాలి పోకుండా మూసి పంపితే, ఒక యూనిట్ అంటే 30-35 గ్రాములు సరిపోతుందని నా అంచనా. పర్సుకు అందులో నాలుగో వంతు. అట్టపెట్టె, లోపల కుక్కిన కాగితం కూడా తేమ దాచుకుంటాయని మరవకండి, వాటిని బ్యాగుతో పాటే పొడిగదిలో ఉంచండి. ఎక్కువ వేస్తే ఇంకా మంచిదనుకుని గుప్పెళ్లు పోయకండి. తేమ 35-40 శాతం కంటే కిందికి పోతే బెరడు తోలు బిరుసెక్కి, అంచులు వంకర తిరుగుతాయి, మడతల దగ్గర పగుళ్లు వస్తాయి. మీరు గురి పెట్టాల్సింది 45-55 శాతం.

బ్యాగు ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? చెక్కలో గుచ్చే మీటర్లు తోలు మీద చిల్లులు పెడతాయి, లెక్క కూడా తప్పు చూపిస్తాయి. తేలికైన దారి ఉంది. గాలిలో తేమ చూపించే చిన్న హైగ్రోమీటర్‌ను బ్యాగు లోపల పెట్టి, పొట్లం ఏదీ వేయకుండా, మొత్తాన్ని గాలి చొరని కవర్లో మూసి ఒక రోజు వదిలేయండి. మర్నాడు అది చూపించే అంకె తోలు తనంతట తాను ఆ గాలికి ఇచ్చిన తేమ. 60 కంటే తక్కువ ఉంటే ప్యాక్ చేయొచ్చు. 65 దాటితే ఇంకా ఆరాలి, ఆ రోజు పంపకండి. మీటరు నిజం చెబుతోందో లేదో పరీక్షించడానికి మీ ఉప్పు పనికొస్తుంది: మూతలో కాస్త ఉప్పు వేసి ముద్దలా తడిపి, మీటరుతో కలిపి ఒక డబ్బాలో బిగించి రాత్రంతా ఉంచితే అది 75 దగ్గర చూపాలి. 80 చూపిందంటే మీ మీటరు 5 ఎక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకోండి.

ఆరబెట్టడం అంటే ఎండలో పెట్టడం కాదు. నీడన, ఫ్యాను గాలి అన్ని వైపులా తగిలేలా, జేబులు తెరిచి, తాళ్లకు వేలాడదీయండి. జిగురు, అంచుల రంగు, నూనె పాలిష్ పూర్తిగా లోపలికి ఇంకి ఆరడానికి వానాకాలంలో రోజుల తరబడి పడుతుంది. గది గాలే 75 శాతం తేమతో ఉంటే తోలు అంతకంటే కిందికి ఆరదు, ఎన్నాళ్లు వేలాడదీసినా. అప్పుడు ఒక గదిని మూసి తేమ తీసే యంత్రం పెట్టుకోవడమో, వానలు ముసురుకున్నన్నాళ్లు ఆర్డర్లు తగ్గించుకోవడమో చేయాలి. యంత్రానికి డబ్బు, కరెంటు ఖర్చు. ఆర్డర్లు తగ్గిస్తే ఆదాయం తగ్గుతుంది. రెండూ కష్టమే. ప్రతి పార్సిల్‌లోనూ మట్టి కుక్కడం కంటే ఒక్క గదిని పొడిగా ఉంచడం నాకు తెలివైన పనిగా అనిపిస్తుంది, మీ స్టాక్ కూడా అక్కడే భద్రంగా ఉంటుంది.

పంపే దూరాన్ని బట్టి కూడా ఆలోచించండి. రెండు మూడు రోజుల్లో చేరే పార్సిల్‌కు ప్లాస్టిక్ అసలు వద్దు. గుడ్డ సంచిలో వేసి అట్టపెట్టెలో పంపితే తోలుకు గాలి ఆడుతుంది. అట్టలోంచి బయటి తేమ వస్తూనే ఉంటుంది కాబట్టి ఇందులో పొట్లం వేసినా పెద్ద ప్రయోజనం లేదు, బయట వాన కురిస్తే పెట్టె నానే ప్రమాదం మాత్రం ఉంది. వారాలు పట్టే ప్రయాణమైతే మూసిన కవరు, అందులో మట్టి పొట్లం కావాలి, కానీ మీటరు పరీక్ష దాటిన బ్యాగునే మూయాలి. తడి బ్యాగును మూసి పంపడం ఒక్కటే ఏ విధంగానూ సమర్థించలేని దారి.

తమ్ముడు తెచ్చిన బిళ్లల విషయంలో నేను మీ వైపే. బూజును చంపే పొట్లాలన్నీ చెడ్డవని కాదు, ఏముందో రాయని దాన్ని వేరొకరి చేతుల్లోకి పంపకూడదు. 2008 ప్రాంతంలో యూరప్‌లో తోలు సోఫాల మీద కూర్చున్నవాళ్లకు, కొన్ని రకాల బూట్లు తొడిగినవాళ్లకు ఒంటి మీద బొబ్బలు లేచాయి. కారణం వాటి పొట్లాల్లోని డైమిథైల్ ఫ్యూమరేట్ అనే బూజు మందు. 2009లో యూరోపియన్ యూనియన్ అది ఉన్న వస్తువుల అమ్మకాన్ని నిషేధించింది. కిలో వస్తువులో 0.1 మిల్లీగ్రాము దాటకూడదని హద్దు పెట్టింది. ఈ మాట తమ్ముడికి చెప్పండి, గెలవడానికి కాదు. ఆయన భయమూ నిజమైనదే: వెనక్కొచ్చిన ప్రతి బ్యాగుకూ రానూపోనూ ఖర్చులు, వచ్చే తిట్లు ఆయన నెత్తినే పడుతున్నాయి. త్వరగా పంపేయాలన్న ఆత్రం అందుకే. ఫలానా మీటరు ఫలానా అంకె చూపేదాకా పెట్టె మూయొద్దన్న నిర్ణయాన్ని ఆయన చేతిలోనే పెట్టండి. అంకెకు ఇద్దరూ కట్టుబడితే 'నీ మాటా, నా మాటా' అన్న గొడవకు తావు తక్కువ.

అలాగే మీకూ ఒక మాట, నొచ్చుకోకండి. 'రసాయనాలు లేని' అన్న లేబుల్ మీరు అనుకున్నంత నిక్కచ్చిది కాకపోవచ్చు. పదును చేసేచోట పచ్చి తోళ్లు, తడి తోళ్లు బూజు పట్టకుండా మందులు వాడటం పరిపాటి. మీరు కొనే తోలుకు వాడారా లేదా అని అమ్మినవాళ్లను రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే లేబుల్ మార్చడం మంచిది. 'బెరడుతో పదును చేసిన తోలు, ప్యాకింగ్‌లో బంకమట్టి పొట్లం' అని ఉన్నదున్నట్టు రాస్తే దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

స్టాక్‌లో మచ్చల సంగతి. తెల్లగా కనిపించినదంతా బూజు కాదు. మీరు నూనె, మైనం పట్టిస్తున్నారు కాబట్టి కొవ్వు పైకి తేలి తెల్లటి పొరలా పేరుకుని ఉండొచ్చు. హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చటి గాలి పట్టండి. కొవ్వయితే కళ్లముందే కరిగి తోలులోకి ఇంకిపోతుంది. బూజయితే అలాగే ఉంటుంది; భూతద్దంలో చూస్తే సన్నటి పోగులు, గుండ్రటి గుంపులుగా కనిపిస్తాయి, వాసన కూడా పట్టిస్తుంది. కొవ్వు తేలిన బ్యాగును నిర్భయంగా అమ్ముకోవచ్చు, గుడ్డతో మెరుగుపెడితే చాలు.

బూజు ఉన్నవాటిని ఆరుబయటికి తీసుకెళ్లి, మాస్కు పెట్టుకుని, మెత్తటి బ్రష్‌తో దులపండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమపాళ్లలో కలిపి, గుడ్డను పిండేసి, పైపైన తుడవండి. ముందు అడుగున కనిపించని చోట పరీక్షించాలి, కొన్ని రంగులు దిగుతాయి. నీడన ఆరబెట్టి, పొడిగదిలో రెండు వారాలు విడిగా ఉంచి చూడండి. మళ్లీ లేస్తే, లేదా లోపలి గుడ్డ లైనింగ్‌లోకి పాకి ఉంటే, ఆ లైనింగ్ విప్పేయాల్సిందే.

బూజు తుడిచి శుభ్రం చేసినవాటిని ఏం చేయాలన్నది మీ ఇద్దరి నిర్ణయం. కొత్తవాటిలా అమ్మితే డబ్బు ఇప్పుడే వస్తుంది, కానీ తోలు లోపల కణాలు మిగిలి ఉంటాయి, కొన్నావిడ చెమ్మగా ఉన్న బీరువాలో పెట్టిన రోజున మళ్లీ నూగు లేస్తుంది, అప్పుడు రెండోసారి నమ్మరు. విషయం చెప్పి తక్కువ ధరకు అమ్మితే కొంత నష్టం, దాచింది ఏమీ ఉండదు. విప్పి, బాగున్న ముక్కలతో పర్సులు, కీచైన్లు కుట్టుకుంటే తోలైనా దక్కుతుంది, పని మాత్రం రెట్టింపు. చెప్పకుండా అమ్మే దారిని నేనైతే ఎంచుకోను.

ఫోటో పంపినావిడకు ఈ పాటికే జవాబు రాశారో లేదో ఉత్తరంలో లేదు. రాయకపోతే ఈ రోజే రాయండి. బ్యాగు సరిగ్గా ఆరకముందే ప్యాక్ అయిందని, తప్పు మీదేనని ఒప్పుకోండి. డబ్బు వెనక్కివ్వమంటారా, మీటరు పరీక్ష దాటాక కొత్త బ్యాగు పంపమంటారా అని ఆమెనే అడగండి. కొత్తది పంపితే పెట్టెలో ఒక చీటీ కూడా వేయండి: అందగానే కవరు తీసేయాలని, మట్టి పొట్లాన్ని తోలుకు ఆనించకుండా బ్యాగు జేబులో ఉంచుకోవచ్చని, ప్లాస్టిక్ కవర్లో దాచవద్దని. అవతల బ్యాగు ఎలా ఉందో నెల తర్వాత ఆమెను ఒకసారి అడిగి తెలుసుకోండి, మీ ఆరబెట్టే పద్ధతి పనిచేస్తోందో లేదో ఆమె జవాబే చెబుతుంది.